మేనత్త ఒంటి దద్దుర్లు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చోబోతూ మేనత్త తన మెడ, చేతులు, పాదాలు ఓసారి తడిమి చూసుకునేది.

"రాత్రి మళ్లీ కిటికీ వెయ్యడం మర్చిపోయావు కదూ అమ్మాయ్? వాడిని మూడుచోట్ల కుట్టాయి."

తమ్ముడి భార్య స్కూలు చొక్కాలకి గుండీలు కుడుతూ నాలిక కరుచుకునేది. నెలల పిల్లాడైన ఆమె కొడుకు, చిన్నోడి ఒళ్లు మాత్రం అద్దంలా ఉండేది. పుట్టినప్పటి నుంచీ అంతే. దోమ కుట్టేది వాడిని, దద్దు లేచేది మేనత్తకి. ఐదేళ్ల పెద్దదానికి ఆ సదుపాయం లేదు. "అత్తకి నేనంటే ఇష్టం లేదు," అని గోక్కుంటూ అలిగేది.

ఆ పిల్లల తండ్రి సముద్రం అవతల గనిలో పనికి వెళ్లాడు. కొడుకుని ఇంకా కళ్లారా చూడలేదు, ఆ దద్దుర్ల సంగతి మాత్రం ఫోన్లో విన్నాడు. ఒకరోజు అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. బండరాయి దొర్లి తొడ ఎముక నుజ్జయింది, దగ్గర మనిషి ఉండాలి, ఎవరైనా రండి అన్నారు. మేనత్తకి కీళ్లవాపు, నాలుగడుగులు వేస్తే కూలబడుతుంది. ఇక వెళ్లాల్సింది భార్యే.

అక్కడ దోమలతో వచ్చే పచ్చజ్వరం ఉందని, టీకా లేనిదే వెళ్లకూడదని చెబితే అందరూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. పెద్దది సూదిని చూసి బల్ల కింద దూరింది. దాన్ని బయటికి లాగి పొడిపించేసరికి తల్లికి చెమటలు పట్టాయి. చిన్నోడి వంతు వచ్చేసరికి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"వీడికి తొమ్మిది నెలలు నిండాలి. ఇప్పుడు వేస్తే మెదడుకి ప్రమాదం. ఎవరి దగ్గరన్నా వదిలి వెళ్లండి."

"సీసా పాలు ముట్టడండీ. మూడు పూటలు మాడ్చి చూశాం."

డాక్టరమ్మ చిన్నోడి నున్నటి ఒంటినీ, మేనత్త చేతుల మీది దద్దుర్లనీ మార్చి మార్చి చూసింది. "వీడివన్నీ మీకే వస్తాయా? అయితే టీకా మీకే వేద్దాం. మందులేమన్నా వాడుతున్నారా?"

మేనత్త కీళ్లవాపు మాత్రలు తీసి చూపించింది. డాక్టరమ్మ వాటిని తిప్పి చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టేసింది. "ఇవి మింగేవాళ్లకి ఈ టీకా వెయ్యకూడదు. ఇందులో ఉన్నది బతికున్న క్రిమి. మాత్రలు మానేసినా కొన్ని నెలలు ఆగాలి."

బస్సులో మేనత్త అంది, "వాడిని తీసుకెళ్లు అమ్మాయ్."

"మీకేమన్నా అయితే, వదినా?"

"అక్కడ పడి ఉన్నది నా తమ్ముడు. నీ మొగుడైంది తర్వాత కదా!"

వద్దని చెప్పడానికి చిన్నోడి తల్లి నోరు తెరిచింది. మాట బయటికి రాలేదు. రాలేదని ఇద్దరికీ తెలిసింది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ కిటికీలోంచి బయటికే చూశారు.

పిల్లలిద్దరితో అక్కడికి వెళ్లాక తల్లి చిన్నోడిని ముంజేతుల దాకా, మడమల దాకా చుట్టిపెట్టేది. అయినా వానలు మొదలైన వారంలోనే ఒక సాయంత్రం వాడి బుగ్గ మీద దోమ వాలింది. తల్లి చటుక్కున కొట్టింది. అరచేతికి నెత్తురంటింది. వాడి బుగ్గ మాత్రం నున్నగా ఉంది.

ఫోన్ చేస్తే మేనత్త నవ్వింది. "ఎడమ బుగ్గేగా? ముద్దు పెట్టినట్టే కుట్టింది, ముదనష్టపుది."

తర్వాత చేసినప్పుడు ఒళ్లు కాస్త వెచ్చగా ఉందంది. ఆ తర్వాత ఫోన్ ఎత్తింది పక్కింటావిడ. "కళ్లు పచ్చబడ్డాయమ్మా. గుక్కెడు నీళ్లు కూడా ఇమడ్డం లేదు. ఆసుపత్రిలో చేర్చాం. నీకు చెప్పొద్దంది."

ఆ మాట భర్తకి చెప్పలేకపోయింది. అతను అప్పుడప్పుడే కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు.

మర్నాడు భర్త ఉన్న ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర బట్టలు పిండుతుంటే, పక్కనే కూర్చోబెట్టిన చిన్నోడు కెవ్వుమన్నాడు. మణికట్టు మీద ఎర్రగా దద్దు లేచి ఉంది. దురదంటే ఏమిటో తెలియని పిల్లాడు, గోక్కోవడం రాక, ఆ చేతిని రెండో చేత్తో టపటపా కొట్టుకుంటున్నాడు.

తల్లి చేతిలోని బట్ట నీళ్లలో జారిపోయింది. వాడిని ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. భర్త మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె పిల్లాడి చెయ్యి చాపింది.

అతను ఆ దద్దుని వేలితో తడిమాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడే."

కర్ర వదిలేసి మంచం మీద కూర్చున్నాడు. కొడుకుని ఒళ్లోకి లాక్కుని, చీకటి పడేదాకా తువ్వాలుతో దోమలు తోలుతూనే ఉన్నాడు.