ఆరని నలభై

అన్నయ్య పోయి పదకొండు నెలలైనా ఆయన రాసిన ప్రోగ్రాం మాత్రం చెక్కుచెదరలేదు. పెద్ద నక్షత్రాలు పేలిపోగా మిగిలి, బొంగరాల్లా తిరుగుతూ వెలిగే పల్సార్లను అది రోజూ లక్షల్లో పుట్టిస్తుంది. పాలపుంత అంతటా చల్లి, వాటికి వయసు పోసి, గామా కిరణాల్లో మన టెలిస్కోపుకి ఎన్ని కనిపిస్తాయో తెల్లారేసరికి లెక్క తేలుస్తుంది. ఆ లెక్క ఇప్పటికీ అన్నయ్య పేరుతోనే మెయిల్లో వెళ్తుంది, ఆయనతో కలిసి పనిచేసిన చెల్లెలికీ, వదినకీ. వదినకి పల్సార్ల గురించి తెలిసింది అంతంతమాత్రం. అయినా ఆ మెయిల్ చూడందే మంచం దిగదు.

చెల్లెలికి మాత్రం అది చూస్తే ఒళ్లు మండేది. ఆకాశంలో నిజంగా దొరికినవాటికంటే ఎప్పుడూ ఓ నలభై ఎక్కువ! వాళ్లిద్దరి పేర్లతో వెళ్లాల్సిన పేపరు అక్కడే పీటముడి పడి కూర్చుంది. ఆ నలభైనీ ఒక్కొక్కటే తీసి చూస్తే అన్నీ ముసలివే, తిరుగుడు మందగించి ఎప్పుడో ఆరిపోవాల్సినవే. అవేమో దర్జాగా వెలుగుతున్నాయి. పట్టపగలు, ఆఫీసు గదిలో, ఆమె లేచి లైటు వేసింది. భయమే, దాచడం దేనికి?

చివరికి దొరికింది. ప్రోగ్రాంలో, ఆరిపోయినవాటిని ఏరిపారేసే లైను ముందు ఓ చిన్న గుర్తు. అది ఉంటే కంప్యూటర్ ఆ లైను చదవదు. గుర్తు పెట్టిన తేదీ చూస్తే, అన్నయ్య ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజు.

ఆయన లాగిన్‌తో నడిచేదాన్ని ఇంకొకరు మార్చే వీల్లేదు, సరిచేయాలంటే దాన్ని ఆపి తన లాగిన్‌తో నడపాలి. ఒకసారి ఆపితే అది మళ్లీ తెరుచుకోదని ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. ఇక ఆ పేరుతో మెయిల్ రాదు. వదినకి ఏ మొహం పెట్టుకుని చెప్పడం? చెప్పకుండా చేస్తే ఇంకా పాపం. మధ్యాహ్నమే వదిన ఇంటికి వెళ్లి, ల్యాప్‌టాప్ వంటగది బల్ల మీద పెట్టి అంతా చెప్పింది.

"అది నేను కొట్టిందేనమ్మా," అంది వదిన, గిన్నె తుడుస్తూ.

"నువ్వా?"

"ఆయనకి చేతులు వణుకుతుంటే నేను కొట్టాను. 'ఆరిపోయినవీ వెలిగితే లెక్క ఎంతొస్తుందో ఈ ఒక్కరోజు చూద్దాం, రేపు గుర్తుచేసి తీయించు' అన్నారు." తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. "గుర్తుచేసే వీల్లేకపోయింది."

"నాకొక్క మాట చెప్పకూడదా వదినా? నెల రోజులు జుట్టు పీక్కున్నాను!"

"చెప్తే తీసేస్తావు కదే."

చెల్లెలి కోపం ఎటు పోయిందో పోయింది. "ఉంచేద్దాంలే. పేపరుకి తొందరేం లేదు," అంది. పచ్చి అబద్ధం, గడువు శుక్రవారమే.

వదిన చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "ఎక్కడుందో చూపించు. ఆయన నాకు చెప్పిన ఆఖరి పని ఇది. ఇన్నాళ్లూ ఎగ్గొట్టాను." చెల్లెలు అన్నయ్య లాగిన్ ఆపి, తన లాగిన్‌తో తెరిచి చూపించగానే వదిన ఒక్క వేలితో ఆ గుర్తు చెరిపేసింది.

మర్నాడు మెయిల్ చెల్లెలి పేరుతో వెళ్లింది. నలభై తగ్గి, లెక్క సరిపోయింది. కాసేపటికే వదిన ఫోను చేసింది.

"అమ్మాయ్," అంది, అప్పుడే కబురు అందినట్టు, "మీ అన్నయ్య పోయారే."