ఎవరికీ తెలియని కంప్యూటరు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. రాతలో తప్పులున్నా, కథ నత్తనడక నడిచినా మన్నించండి.

ఒక వదిన కుట్టుకొట్టుకు కంప్యూటరు తెచ్చిపెట్టింది ఆమె మరిదే. ఆమె యూనిఫారాలు కుట్టే ఆసుపత్రి నర్సుల కొలతలన్నీ అందులోకి ఎక్కించాడు.

"ఈ రకం కంప్యూటరు ప్రపంచంలో పట్టుమని పదిమంది వాడరు వదినా! దొంగలకు దీని పేరే తెలియదు."

ఇంటి నుంచి కూడా చూసుకోవచ్చని ఇంటర్నెట్టులో దానికి దారి తెరిచి, దాని పాస్‌వర్డు ఒకటి రెండు మూడు నాలుగు అని పెట్టాడు.

ఆరేళ్లపాటు చీమ కూడా కుట్టలేదు. మరిది మీసం మెలేశాడు. వదిన మాత్రం అత్తగారు నేర్పిన పద్ధతి వదల్లేదు. మనిషికో కాగితం పట్టీ. కొస నుంచి మొదటి గాటు దాకా భుజం, రెండో గాటు దాకా నడుము, మూడో గాటు దాకా పొడవు. పేరు రాసి గోడమేకుకు గుచ్చేది.

"ఈ కాగితం తోకలు ఎవరికి తగిలిస్తావు?" అని మరిది వెక్కిరించేవాడు.

ఒక గురువారం పొద్దున కంప్యూటరు తెరిస్తే కొలతలన్నిటికీ ఎవడో దొంగ తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానని కూర్చున్నాడు. వారంలో పన్నెండు జతలు కుట్టివ్వకపోతే ఆసుపత్రి పని పక్కకొట్టుకు పోతుంది.

"మన కంప్యూటరు పేరు వాడికెవరు చెప్పారు?" మరిది తల పట్టుకున్నాడు.

"పేరుతో వాడికేం పనండీ?" అన్నాడు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు. "దొరికిన తలుపునల్లా తోసుకుంటూ పోతాడు. మీది గడియ పెట్టి లేదు."

వదిన స్టూలెక్కి పట్టీలు దించింది. పదకొండు బాగానే ఉన్నాయి. పన్నెండోది పెద్దనర్సుది. నడుము దగ్గర ఎలుక కొరికేసింది.

"నీ తోకకూ దొంగ పడ్డాడే!" మరిది పళ్లికిలించాడు.

"నవ్వింది చాల్లే, నడు. నడుము నేను కొలుస్తా. మళ్లీ ఎందుకు కొలవాల్సొచ్చిందో నువ్వు చెప్పు."

ఆసుపత్రిలో మరిది నీళ్లు నములుతూ అంతా చెప్పాడు. పెద్దనర్సు టేపు కింద చేతులెత్తి నిలబడే అడిగింది.

"మీ పేరు ఈ వీధి దోమలకు తెలుసా?"

"తెలియదండీ."

"మరి కుట్టడం మానేశాయా?"

వదినకు నవ్వాగక టేపు జారింది. మళ్లీ కొలవాల్సొచ్చింది.

జతలు వేళకే అందాయి. మరిది ఈసారి బారెడు పాస్‌వర్డు పెట్టాడు. మర్నాటికే మరిచిపోయాడు. మళ్లీ కొత్తది పెట్టి, పట్టీ మీద రాసి, తెచ్చి వదిన మేకుకే గుచ్చాడు.

వదిన దాని కింద ఎలుకలబోను పెట్టింది.

బొత్తాలమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు కూతురింట్లో, కుట్టుమిషను ఉన్న గదిలోనే ఉంటున్నాను.