తెల్ల తువాలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఫొటో స్టూడియోలోకి ఎండ తెరల సందుల్లోంచి దిగి నేలంతా మెల్లగా పాకుతుంది. ఆ వేళ ల్యాప్‌టాప్ ముందు అమ్మ పని చేస్తోందో, కూర్చునే కునుకు తీస్తోందో చెప్పడం కష్టం. వేలు కదిలితే మెలకువగా ఉన్నట్టు. పసిపిల్లల మొహాల మీద గోటి గీతలు చెరుపుతుంది, పెద్దవాళ్ల కళ్ల కింద నలుపు తుడుస్తుంది, పాలిపోయిన బుగ్గలకు రంగు తెస్తుంది. ఫొటోలు తీసేది, బిల్లులు రాసేది, ఆర్డర్ల కోసం పదిమందితో గొంతు చించుకునేది నేను. రంగులు మాత్రం అమ్మవి. ఆ కుర్చీలో నన్ను పొరపాటున కూడా కూర్చోనివ్వదు.

రంగుల దగ్గర అమ్మ పట్టింపు ఒక్కటే. ముందు తెలుపు కుదరాలి. అందుకని ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక పాత ఫొటో తెరిచేది. అందులో నేనున్నాను. పుట్టి వారం కూడా కాలేదు, తెల్ల తువాలులో చుట్టి ఉన్నాను, అప్పటికే ఎవరి మీదో అలిగినట్టు మూతి బిగించుకుని.

"ఈ తెలుపు నాకు తెలుసే. నా చేత్తో ఉతికాను" అనేది అమ్మ. తువాలు తెల్లబడేదాకా ఆ ఫొటోను సరిచేసేది. దానికి ఎంత మార్చిందో మిగతా ఫొటోలన్నిటికీ అంతే మార్చేది. ఇంకెవరైనా ఇలా పని చేస్తారో లేదో నాకు తెలియదు. మా స్టూడియో మాత్రం ఆ తువాలు మీదే నడిచింది.

ఒక ఏడాది ఫొటోలు వెనక్కి రావడం మొదలైంది. "మా బుజ్జిగాడు చలికి వణుకుతున్నట్టున్నాడండీ" అని ఒకావిడ. "తెల్ల కుందేళ్లు నీలంగా ఉంటే ఎవరు కొంటారమ్మా?" అని బొమ్మల షాపాయన. ఆయన షాపులో బొమ్మలన్నిటికీ ఫొటోలు మావే. ఆ పని పోతే స్టూడియో తలుపులు మూసుకోవాల్సిందే. నిజం చెప్పాలంటే నా భయం అది కూడా కాదు. ఆ కుర్చీ లేకపోతే అమ్మ ఏమైపోతుందోనని.

నాకూ ఆ కుందేళ్లు నీలంగానే కనబడేవి. కానీ అమ్మ బాగుందన్నాక బాగులేదనడానికి నేనెవరిని? నా కళ్లనే అనుమానించుకుని ఊరుకున్నాను.

"తప్పు ఈ ల్యాప్‌టాప్‌దే. ముసలిదైపోయింది, పసుపెక్కింది" అని తేల్చేసింది అమ్మ. ఆవిడకు ఆ ఏడాది అన్నీ పసుపెక్కాయి. కొత్తగా సున్నం వేయించిన గోడలు, దుప్పట్లు, నా పమిట కూడా. సబ్బు పొడి డబ్బా పట్టుకుని అది చేసినవాళ్లను రోజూ దులిపేసేది. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

కొత్తది కొందామని ఇద్దరం బయల్దేరాం. చవగ్గా రావాలి, ఫొటోలకు పనికి రావాలి, నా బిల్లులూ అందులోనే నడవాలి.

షాపులో వరసగా తెరిచి పెట్టిన స్క్రీన్‌లలో కొండలు, సముద్రాలు, ఎవరూ నడవని దారులు. బయట రోడ్డు చప్పుడు ఎక్కడో ఆగిపోయింది. అమ్మ ఒక్కో సముద్రం ముందూ కాసేపు నిలబడి, నిద్రలో నడుస్తున్నట్టు ఇంకో సముద్రం దగ్గరికి వెళ్లింది. నేనూ ఏం కొనడానికి వచ్చామో కాసేపు మరిచిపోయాను.

సేల్స్‌మన్ నడివయసు మనిషి, మాటల మూట. ముందు అక్షరాల కింద రంగురంగుల లైట్లు వెలిగేది చూపించాడు.

"ఇదేమిటి బాబూ, టైపు చేయాలా, దీంతో ఆడుకోవాలా?" అంది అమ్మ.

ఆయన నవ్వి, ఇంకో రెండు పక్కపక్కన పెట్టాడు. "బిల్లులకైతే ఈ చిన్నది చాలండీ. మీరు ఫొటోలు చేస్తారు కాబట్టి చెబుతున్నాను, దీంట్లో రంగులు సరిగ్గా రావు. కాస్త ఎక్కువైనా రెండోది తీసుకోండి. ర్యామ్ తర్వాతైనా పెంచుకోవచ్చు, స్క్రీన్ మార్చుకోలేరు."

అమ్మ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. రెండిట్లోనూ తువాలులో నేను ప్రత్యక్షమయ్యాను. సరిచేయని, అసలు ఫొటో. మొదటి దాంట్లో తువాలు బూడిదలో పడినట్టుంది. రెండో దాంట్లో దాని మడతలు, అంచున ఊడిన దారం, నా పిడికిలి నీడ, అన్నీ ఉన్నాయి. చిన్నపిల్ల వాసన వస్తుందేమో అన్నట్టుంది.

అమ్మ ముందుకు వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. "రెండూ ఒకటేనే. రెండూ పసుపే. అలాంటప్పుడు చవకది చాలదూ?"

నా మొహం మాడిపోయింది. ఇంత తేడా కనబడకపోవడమేమిటి? గట్టిగా ఏదో అనబోయాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అంతలో అమ్మ సేల్స్‌మన్ వైపు తిరిగి, ఎంతో ఇష్టంగా అంది.

"నీ చొక్కా బాగుంది బాబూ. ఈ లేత పసుపు అందరికీ నప్పదు."

ఆయన వేసుకున్నది మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా.

"అమ్మగారూ, ఇది..." అంటూ ఆయన నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ మాటల మూట వెంటనే నోరు కట్టేసుకుంది. ఆ మనిషికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పసుపు ఉన్నది అమ్మ కళ్లలో, లేని పసుపును తీయబోతే మిగిలేది నీలమే. గోడలు, దుప్పట్లు, సబ్బు పొడి, నీలం కుందేళ్లు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చవకది కొని ఇంటికి తీసుకుపోవచ్చు. అమ్మకు ఏమీ తెలియకుండా ఆ కుర్చీలోనే ఉంచొచ్చు. రంగులు నేను చాటుగా మార్చుకోవచ్చు. అది తేలికైన దారి.

"రెండోది ఇవ్వండి" అన్నాను.

"దండగెందుకే? నాకు రెండూ ఒకటేగా."

"ఇప్పటికి ఒకటేనమ్మా."

నోరు జారాను. అమ్మ నన్ను ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా వెళ్లి సేల్స్‌మన్ చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుంది.

"ఇది ఏ రంగు బాబూ?"

"తెలుపండీ" అన్నాడాయన, తప్పు చేసినట్టు.

"మరి మన గోడలు?" అంది నాతో.

"తెలుపే."

"దుప్పట్లు?"

"అవీ తెలుపేనమ్మా."

"పాపం, ఆ సబ్బు పొడి వాళ్లను ఎన్ని మాటలన్నానే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. నా చెయ్యి పట్టుకుంది. "అయితే ఆ పిల్లలందరినీ నీలం చేసింది నేనే."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే, ఆ సముద్రాల మధ్య నిలబడి ఏడ్చాను. అమ్మే నా కళ్లు తుడిచి బిల్లు కట్టించింది.

బస్సులో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "రోజంతా సాయంత్రంలా ఉండేదే నాకు. అన్నిటి మీదా పొద్దువాలినట్టు. వయసు వస్తే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. బాగానే ఉండేది కూడా" అంది. మిగిలిన దారంతా నేనూ ఆ వెలుగు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

కళ్ల డాక్టరు శుక్లాలు అన్నాడు, ఆపరేషన్ చేస్తే పోతాయన్నాడు. అమ్మ కళ్లు బాగయ్యేదాకా ఆగమని బొమ్మల షాపాయనను బతిమాలుకున్నాను. "కుందేళ్లు ఎక్కడికీ పారిపోవు లెండి, ఆవిడ్నే చేయమనండి" అన్నాడు. అంత మంచివాడని నాకు తెలియదు.

కట్టు విప్పి, నల్లద్దాలు కూడా తీసేయమన్న రోజు, ఎండ నేల మీద పాకే వేళకు అమ్మ తన కుర్చీలో కూర్చుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ముందు తాను సరిచేసిన తువాలు తెరిచింది. "అయ్యో నా తల్లీ, చలికి బిగుసుకుపోయావు కదే" అంది. దాని పక్కన అసలు ఫొటో తెరిచింది. అంచున ఊడిన దారం మీద వేలు ఆనించింది. "ఇదే. నేను ఉతికింది ఇదే."

నాతో ఇంకేదో చెప్పడానికి వెనక్కి తిరిగింది. నా మొహం కాకుండా దానికి కాస్త పైన చూస్తోంది.

"నీ జుట్టులోకి ఇంత తెలుపు ఎప్పుడొచ్చిందే?"

"చాలా కాలమైందమ్మా."

"ఎండ పడి మెరుస్తోందనుకున్నాను" అంది. "ఎప్పుడు చూసినా నీ మీద ఎండ పడుతోందనుకున్నాను."

లేచి కెమెరా అందుకుంది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మూతి బిగించవద్దని కసిరి, ఒక ఫొటో తీసి ల్యాప్‌టాప్‌లో తెరిచింది. నుదుటి పక్కన ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనబడుతోంది.

"కాస్త నల్లగా చేసెయ్యమ్మా. ఆపాటి చేయలేవూ?" అన్నాను.

"ఊరుకో. తువాలు ఎప్పుడో చిరిగిపోయింది. ఇకమీద తెలుపు దీంట్లోనే చూసుకుంటాను" అంది అమ్మ. ఆ ఫొటోను ఒక పక్కన అలాగే ఉంచి, రెండో పక్కన కుందేళ్లను తెరిచింది.