అత్తయ్య చేసిన పుస్తకం

మావయ్య ఉన్నన్నాళ్లూ అత్తయ్యను "రచయిత్రిగారూ" అనే పిలిచారు. రచయిత్రిగారూ, కాఫీ చల్లారిపోయింది. రచయిత్రిగారూ, నా కళ్లజోడు ఎక్కడ?

అత్తయ్య ఒకప్పుడు మహిళా శిక్షణ సంఘంలో కుట్టుపని నేర్పేది. పిల్లల బట్టల కత్తిరింపు మీద తనొక పుస్తకం చేశానని, అది అచ్చయిందని, ఇల్లు మారినప్పుడు ఉన్న ఒక్క కాపీ పోయిందని చెప్పేది. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎవరూ చూడలేదు కనుక అందరికీ నవ్వులాట అయింది. మావయ్య మొదలుపెట్టారు, మా ఆయన అందుకున్నారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ నవ్వాను. కొత్త కోడలు నవ్వకపోతే మనిషి కలవదంటారు మరి.

మావయ్య పోయి రెండేళ్లయింది. మొన్నామధ్య చొక్కాకి గుండీ కుడుతూ అత్తయ్య ఉన్నట్టుండి అంది.

"అమ్మాయ్, మీ మావయ్య అన్నదే నిజమేమో. ఆ పుస్తకం నేనే కల్పించుకున్నానేమో."

"అదేం మాటత్తయ్యా?"

"పొయ్యి ఆపానో లేదో రెండుసార్లు చూసుకుంటున్నాను. ఏనాటిదో ఆ పుస్తకం సంగతి, నా మాట నేనే ఎలా నమ్మను?"

ఎవరినీ నిష్ఠూరమాడలేదు. దారం కొరికి, గుండీ లాగి చూసి, చొక్కా మడతపెట్టింది. అప్పట్లో నేను నవ్విన నవ్వులన్నీ నాకు గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో పెద్ద లైబ్రరీ కేటలాగు తెరిచాను. రచయిత గడిలో అత్తయ్య పేరు కొట్టాను. సున్నా. సరే, పొరుగావిడతో చెప్పినట్టు వివరంగా చెబుదామని "పిల్లల బట్టలు కత్తిరించడం నేర్పే బొమ్మల పుస్తకం" అని కొట్టాను. మళ్లీ సున్నా. ఆ పెట్టెకి మన కబుర్లు అక్కర్లేదు. ఎన్ని మాటలు పెడితే అన్నీ ఉన్న పుస్తకమే కావాలని పట్టుబడుతుంది. ఒక్క ముక్క, "కుట్టు" అన్నాను. నాలుగు వందల పన్నెండు వచ్చాయి. అందులో సగం ఆపరేషన్లవి.

"ఏంటి, అంత దీక్షగా?" మా ఆయన వెనకనుంచి తొంగిచూశారు.

"మీ అమ్మగారి పుస్తకం."

"ఓ, రచయిత్రిగారిదా!"

"మీరు పుట్టింది ఏ సంవత్సరమో కాస్త చెప్పి వెళ్లండి."

నన్ను అదోలా చూసి, చెప్పి వెళ్లారు. ఆయన కడుపులో ఉన్నప్పుడు బల్ల మీదకి వంగలేక, నిలబడే బొమ్మలు గీశానని అత్తయ్య అనేది. అచ్చు వేసేవాళ్ల తాత్సారం తెలిసిందే కనుక ఆయన పుట్టిన ఏడాది నుంచి మూడేళ్ల తర్వాతి దాకా, పక్కనున్న సంవత్సరాల గడుల్లో నింపాను. నాలుగు వందలు కాస్తా పదకొండుకి తగ్గాయి. ఒక్కటీ మాది కాదు. కానీ వాటిలో టైలరింగు పుస్తకం ఒకటుంది. దాని పూర్తి వివరాలు తెరిస్తే అడుగున "విషయం: దుస్తుల తయారీ – బోధన" అని ఉంది. మనం కుట్టు అనేదాన్ని వాళ్లు అలా అంటారన్నమాట. ఆ మాట మీదే నొక్కాను. దాని తోబుట్టువులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఆరోది: పిల్లల దుస్తులు, కత్తిరింపు పాఠాలు. అరవై నాలుగు పేజీలు, బొమ్మలతో. రచయిత: మహిళా శిక్షణ సంఘం. స్టోరు గదిలో ఉంది, అక్కడే కూర్చుని చదవాలి.

నేను మనిషి పేరు కోసం వెతికాను. కేటలాగులో సంఘం ఉంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది అదో కాదో తెలియకుండా ఆవిడకి ఆశపెట్టి, మళ్లీ పడేయడం నాకిష్టం లేదు. మర్నాడు లైబ్రరీ దాకా తోడు రమ్మంటే వచ్చింది. కౌంటరు దగ్గర చీటీ ఇచ్చాను. చీటీ మీద పుస్తకం పేరు చదివి, అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

స్టోరు గదిలోంచి పుస్తకం వచ్చేలోపు కేటలాగు రాసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని అంతా విని, తెర చూసింది.

"ఇక్కడ సంఘం పేరే ఉందండీ. పుస్తకంలో లేని పేరు మేం ఎక్కించకూడదు. ఎవరైనా వచ్చి నాదే అనొచ్చు కదా."

"నిజమేనమ్మా," అంది అత్తయ్య. "ఎవరైనా అనొచ్చు."

తిరిగి వెళ్లబోయి ఆగింది. కళ్లు మూసుకుంది.

"పద్నాలుగో బొమ్మ, పాప గౌను. పక్క కుట్టు ముందు భాగానికి తొమ్మిది అంగుళాలు, వెనక భాగానికి తొమ్మిదిన్నర అని పడింది. రెండూ కలవవు. తప్పు నాదే, నిద్ర చాలక. దిద్దమని ప్రెస్సుకి నడిచి వెళ్లాను. అప్పటికే అచ్చయిపోయింది."

స్టోరు గుమాస్తా అట్ట పెచ్చులూడిన సన్నని పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కళ్లజోడావిడ దాన్ని తనవైపు తిప్పుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, వేలితో ముందు భాగం మీది అంకె చూసింది, తర్వాత వెనక భాగం మీది.

"తొమ్మిదిన్నర," అంది చివరికి. "ఇన్నేళ్లలో దీన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరండీ."

పుస్తకాన్ని అత్తయ్య ముందుకు జరిపింది. అత్తయ్య పేజీలు తిప్పలేదు. దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది.

"బొమ్మలు, పాఠాలు మీవని పెడతాను. పేరు మాత్రం బ్రాకెట్లో రాయాలి. అంటే అది పుస్తకంలో లేదు, మాకు వేరేగా తెలిసిందని అర్థం."

"బ్రాకెట్లోనే ఉండనీ తల్లీ. ఇన్నాళ్లూ దాని బయటే ఉన్నాను. ఆ తొమ్మిదిన్నర సంగతి కూడా రాయి. ఎవరైనా చూసి కత్తిరిస్తే గుడ్డ పాడైపోతుంది."

అదీ రాసింది. ఇంటికి వచ్చేదారిలో అత్తయ్య బస్సు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. కళ్లు తుడుచుకుందేమో, నేను అటు చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత మా ఆయన ముందు ల్యాప్‌టాప్ పెట్టి, "మీ అమ్మగారి పేరు కొట్టండి" అన్నాను. ఏదో వేళాకోళం నోటిదాకా వచ్చింది గానీ, నా మొహం చూసి మానుకున్నారు. ఒక్కో అక్షరం కొట్టారు. తెర మీదికి వచ్చింది చదివారు. మళ్లీ చదివారు. ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లి, మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, ఒకటి వచ్చింది."

అత్తయ్య కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"ఒకటే కదరా చేశాను."