నవ్వాల్సిన చోటు

ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకుంటూ చదవాలట. చదువుతుండగా వీడియో తీసి బడి గ్రూపులో పెట్టాలట. మూడో తరగతి పిల్లలకు ప్రతి శనివారం ఒక నవ్వుల పుస్తకం ఇచ్చి పంపుతుంది ఆ టీచరమ్మ. నగరిలో మరమగ్గాల వీధి ఎలా ఉంటుందో ఆమెకు తెలిస్తే కదా.

మా ఆయన చక్రధర్ పదహారో ఏట మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల మోత ఆయన చెవులను తినేసింది. షెడ్డులో అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు కాబట్టి అక్కడ ఎవరూ కనిపెట్టలేదు. తిరుపతిలో చెవి డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు, "ముందు పోయేది సన్నటి గొంతులేనమ్మా. ఆడవాళ్లవి, పిల్లలవి" అని. చెవికి వినికిడి మిషన్ పెట్టుకోమంటే ఈయన ఒప్పుకోలేదు. "చెవిటోడని పేరు పెట్టించుకోమంటావా? నాకేం కాలేదు, నువ్వే గొణగతావు" అని నామీదే ఎగిరాడు. నేనూ నోరు మూసుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

మా నందితకు ఎనిమిదేళ్లు. వాళ్ల నాయనంత బాగా నవ్వే మనిషి లోకంలో లేడని దాని నమ్మకం. ఎందుకుండదు? మీసం పెట్టించుకోవాలని మంగలి షాపుకు పోయిన మేక కథ అది చదువుతుంటే, మేక కుర్చీ ఎక్కగానే ఈయన ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. వీడియో తీసే ఫోనును ఎదురుగోడకు ఆనించి పెట్టి, నవ్వాల్సిన చోటు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని ఆయన కాలు తొక్కేదాన్ని నేను. తొక్కితే నవ్వాలి, తీస్తే ఆపాలి. మా కాపురంలో ఇద్దరం ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే.

"మా నాయనకు నేను సదివితేనే నవ్వొస్తాది" అని బిడ్డ వీధంతా చెప్పుకునేది. వింటుంటే నాకు కోపమొచ్చేది. సగం ఆయన మీద, సగం నామీద.

మొన్న శుక్రవారం టీచరమ్మ మా వీడియోను క్లాసులో పెద్ద తెర మీద వేసిందట, అందరికంటే మంచి కుటుంబమని. అంత పెద్దగా వేస్తే కాళ్లు కనబడవా? "మీయమ్మ తొక్కితేనే మీ నాయన నవ్వతా ఉండాడే" అని గోపీ అనే పిల్లవాడు అందరి ముందూ అనేశాడు. క్లాసంతా ఒకటే నవ్వట. సాయంత్రం గోపీ వాళ్లమ్మ వచ్చి చెబితే తెలిసింది. నందిత మాత్రం ఎప్పటిలాగే అన్నం తిని పడుకుంది.

శనివారం మగ్గాలు ఆపాక ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నేను ఫోను తీయబోతే నందిత వద్దంది. "నువ్వు ఆడ గడప కాడ కూసోమ్మా" అంది. లేచి వెళ్లాను. ఉన్న సంగతి చెప్పేయాల్సింది అప్పుడే. చెప్పలేదు. అంత పిరికిదాన్ని నేను.

అది పుస్తకాన్ని ముఖానికి అడ్డంగా పెట్టుకుంది. ఇంట్లో ఆయన మాట పట్టేది పెదవులు చూసే; ఇప్పుడు దాని పెదవులు ఆయనకు కనబడవు. రోజూ కథ చదివే గొంతుతోనే అడిగింది.

"నాయనా, నా గొంతు యెట్లుంటాదో నీకు తెలుసునా?"

ఆయన ఒక్క క్షణం నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నవ్వాల్సిన చోటు వచ్చేసి ఉంటుందని తనకు తానే అనుకున్నట్టున్నాడు, తొడ చరుచుకుని పకపకా నవ్వాడు.

"బలే ఉండాది పాపా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఇంగోసారి సదువు."

నందిత పుస్తకం దించలేదు. ఇంకోసారి అడిగింది.