మూఁడు తరువాతలు

చైత్రమాసమునఁ బ్రాతఃకాలమున బాలభానుని యరుణకిరణములు సముద్రతరంగశిఖరములపైఁ గుంకుమ చల్లినట్లు ప్రసరించుచుండఁగా లవణగంధమేదురమగు మందమారుతము జీడిమామిడితోఁటల కొమ్మలఁ గదల్చి కొండవాలున నున్న పెద్దాసుపత్రి మెట్లవఱకు వచ్చి యచ్చటి మందువాసన తగిలి వెనుకాడినట్లు స్తంభించుచుండెను. ఆ మెట్లమీఁదఁ దెల్లవాఱకమునుపే బస్సులు దిగివచ్చిన జనులు ప్లాస్టికు సంచులలోఁ దమతమ కాగితములను బసిబిడ్డలవలెఁ బొదివికొని బారులుదీఱి కూర్చుండి యుండిరి. రోగమునకన్నఁ గాగితమునకే యెక్కువగా వెఱచు తావు భూలోకమున నది యొక్కటియే యని నాకుఁ దోఁచును.

ఆ బారులో గురువులమ్మయు నామె చెల్లెలు నూకరత్నమును గూర్చుండి యుండిరి. ఇరువురును బెస్తపల్లెవారు. ఇరువురును గంపలెత్తి చేఁపలమ్ముకొనువారు. అందు నూకరత్నముయొక్క కంఠము సామాన్యమైనది కాదు. గంప నెత్తికెత్తుకొని వీధిమొగను నిలిచి యొక్క కేక వేసెనేని మూఁడు వీధుల యిల్లాండ్రు గిన్నెలు చేతఁబట్టుకొని గడపలు దాఁటి వచ్చుచుండిరి. వేఱొకతె గంపలో వంజరము మెఱయుచున్నను దాని ముఖము చూచువారు లేకుండిరి. ఆ కేకయే యామెకు జీవనాధారము, ఆ కేకయే యామెకు నగయు నట్రయు.

ఆ తీరమునఁ జుట్ట కాల్చు నాఁడువారు నిప్పుకొనను నోటిలోనికిఁ ద్రిప్పి పెదవులు బిగించి పీల్చుట గలదు. దానినే యడ్డపొగ యందురు. సముద్రపుగాలికి నిప్పాఱదనియుఁ దడిచేతులతోఁ బని సాగుననియు దాని మేళ్లు చెప్పుదురు గాని యది యంగిటిని గాల్చుననుట పుండు పుట్టినపిదపఁగాని యెవరును జెప్పరు. నూకరత్నము నంగిటఁ జింతగింజంత తెల్లనిపుండు కనఁబడఁగనే పల్లెకు వచ్చు నర్సు దానిఁ జూచి యామెను బెద్దాసుపత్రికిఁ బంపెను. అక్కడి శస్త్రవైద్యుఁడును జూచి "చింతగింజంత ఉన్నప్పుడే వచ్చారు, మంచిపని చేశారు" అని మెచ్చుకొనెను. ఆ మెప్పును జ్ఞాపకముంచుకొనుఁడు.

ఆ యాసుపత్రి యందు ముగ్గురు ప్రసిద్ధవైద్యులుండిరి. పుష్పదళమును గోసియు మకరంద మొలుకనీయని హస్తలాఘవము గల శస్త్రవైద్యుఁడు భుజంగరావు ప్రథముఁడు. అదృశ్యకిరణములచే రోగమును దహించుటయందు నిష్ణాతుఁడై జనులచేఁ గరెంటు డాక్టరని పిలువఁబడు వామనమూర్తి ద్వితీయుఁడు. పుండునుండి కోసిన ముక్కను సూక్ష్మదర్శినియం దవలోకించి దాని జాతకము చెప్పఁగల యిందుమతీదేవి తృతీయురాలు. ముగ్గురును మహానుభావులే. ఈ మాట నేను వెక్కిరింపుగాఁ జెప్పుట లేదు. ముగ్గురిలో నెవరి చేతఁ బడినను నూకరత్నము బ్రతికియుండెడిదే. ముగ్గురి నడుమఁ బడుటయే యామె పాపము.

భుజంగరావు ముక్క కోసి పంపెను. ఇందుమతీదేవి దానిఁ జూచి ముక్క చాలలేదని తలఁచి యింకొక ముక్క వచ్చిన తరువాతఁ జెప్పెదనని తెల్లకాగితముపై వ్రాసెను. వామనమూర్తి ముక్కపరీక్ష తేలిన తరువాతఁ జూచెదనని గులాబికాగితముపై వ్రాసెను. భుజంగరావు కరెంటు డాక్టరు తన యభిప్రాయము తెలిపిన తరువాతఁ గత్తి పట్టెదనని పసుపుకాగితముపై వ్రాసెను. ఈ మూఁడు కాగితములు నొకే యట్టలో నొకదానిపై నొకటి పండుకొని యుండెను. కాని తన రంగు కాగితముఁ దప్ప నన్యవర్ణమును దెఱచి చూచుట పొరుగింటి వంటగదిలోనికిఁ దొంగిచూచుటవలె మర్యాద గాదని యా వైద్యులలో నొక యాచారము ప్రబలి యుండెను. ఆహా, యేమి మర్యాద.

రోగులఁ జూచు దినము లొకరిది సోమవారము, ఒకరిది బుధవారము, ఒకరిది శుక్రవారము. గురువులమ్మ యా యట్టను జంకఁబెట్టుకొని యీ కట్టడమునుండి యా కట్టడమునకును నా కట్టడమునుండి యీ కట్టడమునకును దిరుగుచుండఁగా వైశాఖము గడచెను. జ్యేష్ఠము వచ్చెను. తొమ్మిది వారములు జరిగెను. చింతగింజ రేఁగుపండయ్యెను, రేఁగుపండు నిమ్మకాయచెక్క యయ్యెను. నూకరత్నము వేఁడియన్నము మానెను, పిదపఁ గారము మానెను, పిదపఁ గేక మానెను.

ఒకనాఁటి మధ్యాహ్నము ఆసుపత్రి నడవలోని బల్లమీఁదఁ గూర్చుండి నూకరత్నము ముద్దముద్దగా నిట్లనెను.

"అప్పా, ఇంటికెలిపోదారే. నా గంప ఎండిపోతంది."

"నోరు మూసుకోయే."

"మూసుకుంటే నెప్పెడతంది, తెరిస్తే నువ్వు తిడతావు. ఏటి సెయ్యమంటావు?"

గురువులమ్మకు నవ్వును నేడ్పును నొక్కసారి వచ్చెను. అంతట నామె యాదారిని బోవుచున్న కరుణమ్మ యను ముదుసలినర్సు నాపి యట్టను జేతికిచ్చి "ఇందులో ఏటి రాసుందో సదివి సెప్పు తల్లీ, తొమ్మిది వారాలై మోస్తన్నాను" అని వేఁడెను. కరుణమ్మ కండ్లజోడు సవరించుకొని మూఁడు కాగితములును జదివి వినిపించెను. గురువులమ్మ యక్షరమెఱుఁగదు గాని గంపలో నెన్ని చేఁపలున్నవో చూపుతోనే చెప్పఁగలది. ఆమెకు లెక్క చప్పునఁ దెలిసెను.

"ముగ్గురూ తరవాతే రాసినారు. మరి ముందెవులు తల్లీ?"

ముప్పదియేండ్లు తెల్లటోపీ పెట్టుకొని పనిచేసిన కరుణమ్మ యట్టను మూసి గురువులమ్మ చేతికిచ్చెను. ఆమె తల వంచుకొని మెల్లగా "అదిగో, ముగ్గురూ అన్నాలగదిలో ఉన్నారు. నే సెప్పాననకు" అని చేయి చూపెను.

అన్నాలగది. ఇచ్చట నాకుఁ గలము ముందుకు సాగదు. మూఁడు కట్టడములలోఁ దొమ్మిది వారములు వెదకినను నొక్కచోటఁ గానరాని యా మువ్వురును బ్రతిదినము నొకే బల్లచుట్టు నొకరి మోచేయి యొకరికిఁ దగులునట్లు కూర్చుండి భుజించుచుండిరి. ఒకటి రెండు దినములు గాదు, పండ్రెండేండ్లు. గురువులమ్మ వాకిట నిలిచి చూచునప్పటికి భుజంగరావు తన గుత్తివంకాయను వామనమూర్తి కంచమున వేయుచుండెను. ఇందుమతీదేవి పెరుగుగిన్నెను నడుమకు జరుపుచుండెను. గోడమీఁదఁ బూర్వము పెద్దడాక్టరొకఁడు వ్రాయించిన యక్షరము లుండెను. "భోజనశాలయందు రోగుల ప్రస్తావన చేయరాదు." అలసినవా రొక్కగడియ సుఖముగాఁ దినవలెనని యాతఁడు దయతో వ్రాయించినదే. దానిని వారు పండ్రెండేండ్లు పొల్లుపోకుండఁ బాలించిరి.

గురువులమ్మ లోనికి వచ్చి యట్టను గూరగిన్నెల నడుమఁ బెట్టెను. వామనమూర్తి చేయి యెత్తి శాంతముగానే "భోజనం చేస్తున్నాం కదమ్మా, తరవాత రా" అనెను.

"ఇది నాలుగోది బాబూ" అని గురువులమ్మ పలికెను.

"ఏమిటి నాలుగోది?"

"తరవాత. మూడు కాయితాల మీదున్నాయి, నాలుగోది నీ నోట్లోంచి వచ్చింది. బాబూ, మీ వంకాయ ఈ కంచంలోంచి ఆ కంచంలోకి పోతంది. మీ పెరుగు ముగ్గురి ముందూ తిరుగుతంది. మా సెల్లి కాయితమొక్కటీ పోదేటి? నేను సేపలు మోస్తాను గానీ మీ మాటలు మోయలేను. ఇక మొయ్యను. ఈ బల్ల మీదే ఎట్టేసి పోతన్నాను, మీరే సదువుకోండి."

ఇట్లు పలికి యామె పోలేదు, నేలమీఁదఁ జతికిలఁబడెను. మువ్వురి చేతులును గంచములలో నిలిచిపోయెను. తొలుత నిందుమతీదేవి యెడమచేత నట్టను విప్పి రంగులన్నియుఁ ద్రిప్పెను.

"రావుగారూ, ఇంకో ముక్క అడిగాను. మీరు పంపలేదు."

"ఆ కాయితం నాదాకా రాలేదమ్మా."

"వచ్చింది. మీ పసుపు కాయితం కిందే ఉంది."

భుజంగరావు పసుపుకాగితము నెత్తి క్రింది తెల్లకాగితమును జదివెను. గోడమీఁది యక్షరములు వారిని జూచుచుండెను. అటుపిమ్మట వా రాఱేడు మాటలాడుకొనిరి. ముక్క రేపే, ఫలము ఎల్లుండి, కత్తి అయిదవనాఁడు, కరెంటు దాని వెనుక. పెరుగన్నము కలిపిన చేయి యాఱునంతలోఁ దీఱిపోయిన పని యది. ఆ పనికిఁ దొమ్మిది వారములు పట్టినవి. అజ్ఞాన మడ్డుపడిన నోర్చుకొందును, వఱపో వరదయో యడ్డుపడిన నోర్చుకొందును. ఎదురెదురుగాఁ గూర్చుండి వంకాయ పంచుకొనువా రొక్కమాట పంచుకొనమి నెట్లోర్చుకొందును?

చింతగింజంతనాఁడు గోరంత కోసిన సరిపోయెడి దని భుజంగరావే తరువాత నొప్పుకొనెను. ఇప్పుడు సగమంగిలి పోయెను. దంతవైద్యుని గూడ నదే బల్లకుఁ బిలిచి యంగిటికి నొక పలక చేయించి యమర్చిరి. నూకరత్నము బ్రతికెను.

నాఁటినుండి ప్రతి గురువార మా గదిలోఁ గ్యారియరు మూఁతలు తెఱవకముందే యట్టలు తెఱచుచున్నారు. అందఱును గలసి యొక్క కాగితముపై వ్రాయుచున్నారు. దాని తొలిపంక్తి "ముందు" అని మొదలగును, ఆ మాట కెదుటఁ బేరును దినమును బడినగాని యట్ట మూయరాదు. గోడమీఁది "చేయరాదు" అనుదానిని నిందుమతీదేవి తానే కుంచె పట్టి "చేయవలెను" అని దిద్దినది. రంగు కలియలేదు. పాతయక్షరము క్రొత్తదానివెనుక నేఁటికిని లీలగాఁ గనఁబడుచున్నది. అట్లు కనఁబడుటయే మంచిది.

నూకరత్నము మరల గంప యెత్తుకొన్నది. ఆసుపత్రి గోడవెంట నామె కేక వేయును. అది ముక్కునుండి సగము, నోటినుండి సగము వెలువడును. ఆ వేళ నన్నాలగదిలో భుజంగరావు చేతిముద్ద నోటిదాఁక పోక క్షణకాలము నిలుచునని కరుణమ్మ చెప్పును. మొదటివీధి యిల్లాండ్రు గిన్నెలతో గడపలు దాఁటి వత్తురు. పూర్వ మా కేక మూఁడు వీధులు వినఁబడెడిది. తక్కిన రెండు వీధు లా బల్లమీఁదనే, కూరగిన్నెల నడుమనే, పోయినవి.