రెండిండ్ల మందు

తుక్కుగూడలో వియ్యపురాలింట్లో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న కుర్మయ్య, గోకకూడదు గోకకూడదు అనుకుంటూనే గోకాడు. ఎడమచేతి వేళ్ల సందున మొదలైతే మణికట్టు పిలుస్తుంది, ఆ తర్వాత నడుము పిలుస్తుంది. ఏడో నెల పడిన బిడ్డను పురిటికి తోలుకుపోదామని లడ్డూలు, పూలు పట్టుకొచ్చిన మనిషి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటే మర్యాదగా ఉండదని బయటికి తీశాడు. తీసిన పాపానికి ఇదీ ఫలితం.

వియ్యపురాలు దుర్గవ్వ చూసింది. చాయ్ గ్లాసు చేతికివ్వబోయినదల్లా స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగింది.

"అన్నా, ఇంకా తగ్గలేదా నీకు?"

"తగ్గింది చెల్లె. గిది ఉత్త చెమట."

"చెమట నాకు గూడ పడుతది. నేను గిట్ల గోక్కుంటలేను గద." దుర్గవ్వ గొంతు తగ్గించింది. "కోపం జేసుకోకు. గజ్జి ఉన్న ఇంటికి కడుపుతోటి ఉన్న పిల్లను పంప. రేపు పసిగుడ్డును ఆ బొంతల మీదనే పండవెడ్తరాయె. మొత్తం పోయినంకనే రా. తొమ్మిదో నెల వచ్చినా పోలేదంటె, పురుడు ఈడనే పోస్త."

తలుపు చాటున నిలబడి ఉంది కవిత. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు కుర్మయ్య. ఏడవలేదు. "బాపూ, మంచిగ మందు పెట్టుకో" అంది. ఆ మాట ఏడుపుకన్నా ఎక్కువ కోసింది.

తొలి కాన్పు తల్లిగారింట్లో కాకపోతే ఊరు ఊరుకుంటుందా? కన్నబిడ్డకు మూడు నెలలు తిండి పెట్టలేకపోయాడంటారు. గజ్జి సంగతి తెలిస్తే ఇంకో నాలుగు కలుపుతారు. బస్సులో పక్క సీటు మనిషికి తగలకుండా కిటికీకి అతుక్కుని కూర్చుని, లోకం మొత్తాన్ని వరుసబెట్టి తిట్టుకుంటూ తొండుపల్లి చేరాడు.

తిట్టుకోవడానికి కుర్మయ్యకు కొదవ లేదు. అన్నదమ్ముల ఉమ్మడి రెండెకరాల చెలక విమానాశ్రయం ప్రహరీగోడ అవతలికి పోయింది. ఆ చెలకకు ఏనాడూ సరిగ్గా అందని నీళ్లు, ఇప్పుడు విమానాశ్రయం రోడ్డు నడిమధ్యలో ఏ గొడ్డూ మేయని గడ్డికి ట్యాంకరు పైపుతో తానే పడుతున్నాడు. భూమి పోయిన ఇంటికి ఒక కొలువు అంటూ ఓ కాంట్రాక్టరు మనిషి వచ్చి పేర్లు రాసుకున్న రోజు కుర్మయ్య మహేశ్వరంలో ఓ చావుకు పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి తమ్ముడు జంగయ్య తన కొడుకు చందు పేరు రాయించేశాడు. నాలుగేళ్లయింది. చందు విమానాల దగ్గర సామాన్లు ఎత్తుతున్నాడు. అన్నదమ్ములకు మాటల్లేవు.

మాటల్లేకపోయినా వాకిలి ఒకటే. ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో తల్లి లింగమ్మ. అమావాస్య నుంచి అమావాస్యకు ఒక కొడుకు ఇంట్లో, ఆ తర్వాత రెండో కొడుకు ఇంట్లో. వంతు మారిన రోజు పొద్దున్నే ముసలమ్మ చంకలో రేకుపెట్టె, భుజాన గొంగడి వేసుకుని ఇరవై అడుగులు నడిచి ఇల్లు మారుతుంది. ఆ ఇరవై అడుగులే అన్నదమ్ముల మధ్య మిగిలిన రాకపోకలు.

గజ్జికి చేయని వైద్యం లేదు. వేపాకు ఉడికించి పోసుకున్నారు. గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి పూసుకున్నారు. శంషాబాద్ సర్కారు దవాఖానలో ఇచ్చిన తెల్ల మందు రెండుసార్లు పూశారు. మందు పూసిన కొన్నాళ్లకు ఒళ్లు చల్లబడేది, హాయిగా నిద్రపట్టేది. ఇంకో నెల తిరగకముందే మళ్లీ మొదలు. విమానాల పొగ వల్ల అన్నారు కొందరు. బోరునీళ్లు అన్నారు ఇంకొందరు. కుర్మయ్యకు మాత్రం అనుమానం లేదు, మరదలు అండాలు ఏదో చేయిస్తోంది.

మూడోసారి దవాఖానకు పోయినప్పుడు మందు గదిలో రబియా అనే నర్సు ఉంది. ఆమె చీటీ చూసింది, మనిషిని చూసింది.

"నువ్వే గద మొన్న తీస్కపోయింది? తాగుతున్నవా ఏంది మందు?"

"పూస్తనే ఉన్నం సిస్టరమ్మా. పోతది, మల్ల వస్తది."

"ఇంట్ల ఎంతమంది?"

"నేను, మా ఇంటిది. మా అమ్మ గూడ ఉంటది, గని ఇప్పుడు లేదు. తమ్మునింట్ల ఉన్నది. వాళ్ల వంతు."

రబియా కలం ఆగింది. "పోయినసారి మందు పూసిన దినం?"

"అప్పుడూ వాళ్ల వంతే."

"అంతకుముందు?"

"అప్పుడు మాతోనే ఉండె. ఆమెకు పూయలే. గోకుడు లేదు, జిల లేదన్నది. చేతులు పెచ్చులు గట్టి ఉంటయి, ముసలితోలు కద."

"అరే భాయ్!" రబియా తల పట్టుకుంది. "ముసలోళ్లకు ఒక్కోసారి జిల తెల్వది. ఆ పెచ్చుల కిందనే పురుగులుంటయి, మనకన్న ఎక్కువ. ఆమె కప్పుకునేది?"

"గొంగడి. ఆమెతోనే తిరుగుతది."

"మరి గజ్జికి గూడ వంతులు పెట్టిన్రు మీరు! నెల ఈడ, నెల ఆడ." నవ్వబోయి కుర్మయ్య ముఖం చూసి మానుకుంది. బల్ల మీద సీసాలు వరుసగా పెడుతూ చెప్పింది. "ఇను. రెండిండ్లు, ఒక్కటే సాయంత్రం. జిల ఉన్నోళ్లు, లేనోళ్లు, అందరు. మెడ నుంచి అరికాలు దాక. అవ్వకు నెత్తికి గూడ. తెల్లారేదాక కడగొద్దు. బట్టలు, బొంతలు ఉడకబెట్టుండ్రి. గొంగడి సంచిల మూట కట్టి వారం దినాలు ముట్టొద్దు. వారానికి మల్ల ఒకసారి పూయాలె. అటెన్క గూడ రెండు మూడు వారాలు జర జిల ఉంటది. పురుగు సచ్చినా ఒళ్లు ఊకనే మర్చిపోదు. పరేషాన్ కాకు."

"మా తమ్మునికి నాకు మాటల్లేవమ్మా."

"పురుగుకు మీ మాటలతోని ఏం పని? అది మాట్లాడకుంటనే పోయి వస్తున్నది."

ఆరు సీసాలు సంచిలో వేసుకొచ్చాడు కుర్మయ్య. రెండు బయట పెట్టి నాలుగు బియ్యం డబ్బా వెనక దాచాడు. తమ్ముడి గడప తొక్కడం కన్నా గోక్కుంటూ చావడం నయం అనిపించింది.

సంగతి విన్న భార్య భాగ్యలక్ష్మి తేలిక దారి చెప్పింది. "మనం ఇప్పుడు పూసుకుందాం. పిల్ల పురుడయ్యేదాక అత్తను ఆడనే ఉండనీయ్. నాలుగు వంతులు వాళ్లయి, తర్వాత నాలుగు మనయి. తప్పేమున్నది?"

తప్పేమీ కనిపించలేదు కుర్మయ్యకు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు, బిడ్డ ఇంటికొస్తుంది. మందు పూసుకున్నారు. బట్టలు ఉడకబెట్టారు. వారానికి రెండోసారీ పూశారు. ఒళ్లు నెమ్మదించింది. అమావాస్య పొద్దున కుర్మయ్య పనికి పోలేదు. తలుపు వేసి లోపల గొళ్లెం పెట్టాడు.

లింగమ్మ ఎప్పటిలాగే పెట్టె, గొంగడి పట్టుకుని వచ్చింది. తలుపు తోసింది. "ఓ కుర్మా" అని రెండుసార్లు పిలిచింది. వెనక్కి చూస్తే అండాలు తలుపు కూడా మూసి ఉంది. వంతు అయిపోయిందిగా. ముసలమ్మ కాసేపు నిలబడి, రెండు తలుపులకూ సమానదూరంలో నేల మీద కూర్చుంది.

వేసవి ఎండ. పది దాటింది. కిటికీ సందులోంచి కుర్మయ్య చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు జంగయ్య తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అనుకున్నాడు. అవతలి కిటికీ వెనక కూడా ఒక నీడ కదిలింది. వాడూ ఇదే అనుకుంటున్నాడన్నమాట.

దారినపోతున్న ముత్తయ్య ఆగాడు. "ఏందవ్వా, ఇద్దరు కొడుకులుండి వాకిట్ల కూసున్నవ్?"

"ఎండ కాగుతున్న బిడ్డా" అంది లింగమ్మ. "కోడలు ఇల్లు అలుకుతున్నది. తడి ఆరనీ అన్న."

ఆ ఎండలో ఎవరైనా ఎండ కాగుతారా? ఇద్దరివీ బండలు పరిచిన ఇళ్లు, అలకడానికి మట్టి ఎక్కడిది? ముత్తయ్య తలుపులను ఒకసారి చూసి, తన దారిన పోయాడు. కుర్మయ్య చెవులు కాలిపోయాయి. తల్లి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు సరే, తన కోసం అబద్ధం కూడా ఆడింది. నాలుగేళ్లుగా తనకు జరిగిన అన్యాయాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడికి, తాను చేస్తున్నదాన్ని ఏమనాలో మొదటిసారి పేరు దొరికింది.

గొళ్లెం తీశాడు. బియ్యం డబ్బా వెనకనుంచి సీసాలు లాగాడు. తల్లిని దాటుకుంటూ పోయి తమ్ముడి తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

"అరేయ్ జంగా! తలుపు తియ్!"

వెంటనే తెరుచుకుంది. తలుపు వెనకే నిలబడి ఉన్నాడు మరి.

"ఏంది?" అన్నాడు జంగయ్య. అన్నకు కనబడకుండా చేతులు వెనక పెట్టుకున్నాడు.

"చేతులు చూపియ్."

"ఎందుకు?"

"చూపియ్యిరా."

జంగయ్య వేళ్ల సందులు తనవిలాగే ఉన్నాయి. కుర్మయ్యకు లోపల ఎక్కడో కొంచెం సంతోషం కలిగింది. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది.

"చందుగాడు గూడనా?"

"గ్లౌజులు ఏసుకొని పోతున్నడు డ్యూటీకి" అన్నాడు జంగయ్య. "తీస్తే పని పోతదని బుగులు. నువ్వే చేయించినవని అంటది మా ఇంటిది."

"నీ ఇంటిది చేయించిందని నేను అంటున్న." కుర్మయ్య సీసాలు చేతిలో పెట్టాడు. "ఎవ్వరు చేయించలే. అమ్మకున్నది. మనమే అటు ఇటు మోపిస్తున్నం. దీనితోనే కవితను పంపుతలేరు."

వెనకనుంచి లింగమ్మ గొంతు వినిపించింది. "నాతోనా?" పెచ్చులు కట్టిన తన అరచేతులు తిప్పి చూసుకుంటోంది. "నాతోనా బిడ్డా పిల్ల రానిది? గట్లయితె నన్ను ఏడనన్న పారేయుండ్రి."

"ఊకో అమ్మా" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి.

ఆ మధ్యాహ్నం వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పెద్ద కాగు ఎక్కించారు. రెండిళ్ల చీరలు, లుంగీలు, బొంతలు ఒకే నీళ్లలో ఉడికాయి. ఏ ఇంటి బొంతకు ఎన్ని అతుకులున్నాయో రెండో ఇంటికి తెలిసిపోయింది. అండాలు కట్టెతో తిప్పుతుంటే భాగ్యలక్ష్మి, "ఇంత మంచి చీర బొంతకేసినవేందే?" అంది. "పెట్టింది నువ్వే అక్కా, అందుకే ఏసిన" అంది అండాలు. కాసేపటికి ఇద్దరూ నవ్వారు. గొంగడిని యూరియా సంచిలో కుక్కి, మూతి బిగించి గోడ పక్కన పెట్టారు.

పొద్దు వాలాక ఆడవాళ్లు లింగమ్మను తీసుకుని ఒక ఇంట్లోకి, మగవాళ్లు ఇంకో ఇంట్లోకి పోయారు. చందు మందు పూసుకుని మూలన బొమ్మలా నిలబడ్డాడు. జంగయ్య చేతులు ఎంత వంచినా వీపు అందలేదు.

"అన్నా, జర..."

కుర్మయ్య అరచేతిలో మందు పోసుకుని తమ్ముడి వీపు మీద రుద్దాడు. కాస్త గట్టిగానే రుద్దాడు.

"మంట, మంట! పగ తీర్చుకుంటున్నవా ఏంది?"

"మందు మంట. కదలకు."

కుర్మయ్య చెయ్యి నడుము దాకా దిగింది. తర్వాత గోడవైపు చూస్తూనే జంగయ్య అన్నాడు. "ఆ దినం కాంట్రాక్టరు మనిషి పేరు రాసుకొని పోతనన్నడు. నువ్వు లేవు. రాపిచ్చిన. నువ్వొచ్చినంక నేనే వచ్చి చెప్పాలె ఉండె. చెప్పలే. తప్పే అన్నా."

ఈ మాట వస్తే ఏమనాలో నాలుగేళ్లుగా తయారు చేసిపెట్టుకున్నాడు కుర్మయ్య.

"చెయ్యి ఎత్తు. సంకల పూయాలె" అన్నాడు.

వారానికి మళ్లీ పూశారు. రబియా స్వయంగా వచ్చి లింగమ్మ చేతులు చూసి, ఆమెకు ఇంకోసారి పూయమని చెప్పి పోయింది. అయినా పది రోజులకు కుర్మయ్యకు మణికట్టు దగ్గర దురద లేచింది. మళ్లీ వచ్చిందనుకున్నాడు. సీసా కోసం చెయ్యి చాపి, నర్సు మాట గుర్తొచ్చి ఆపుకున్నాడు. కొబ్బరినూనె రాసుకుని ఓర్చుకున్నాడు. రోజు రోజుకూ తగ్గింది. అమావాస్య వచ్చింది, పోయింది. ఎవరి ఒంటి మీదా కొత్త పొక్కు లేవలేదు.

తొమ్మిదో నెల పడిన మూడోనాడు ఆటో మాట్లాడుకుని తల్లిని వెంటబెట్టుకుని తుక్కుగూడ పోయాడు. దుర్గవ్వ అడగకముందే రెండు చేతులూ వేళ్లు విడదీసి చాపాడు. ఇంకొకప్పుడైతే అది అవమానమనుకునేవాడు. ఆమె వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. లింగమ్మ చేతులు కూడా చూసింది. పెచ్చులు రాలి, కింద లేత తోలు వచ్చి ఉంది.

"తీస్కపో అన్నా" అంది చివరికి. "నేను గూడ ఎనిమిది దినాలకు ఒకసారి వచ్చి చూస్త. తప్పనుకోకు."

"రా చెల్లె. వచ్చినప్పుడల్ల చేతులు చూపిస్తం" అన్నాడు కుర్మయ్య. దుర్గవ్వ నవ్వింది.

ఆటోలో కుర్మయ్య డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. కవిత నాయనమ్మ మీదికి ఒరిగింది. లింగమ్మ చటుక్కున చేతులు కొంగులోకి దాచుకుంది. కవిత ఆ కొంగు తీసి, ఒక చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది.

"తంతున్నదా?" అంది ముసలమ్మ.

"ఆఁ. ఈడ."

కుర్మయ్య అద్దం మీదనుంచి చూపు తిప్పుకుని డ్రైవరు భుజం తట్టాడు. "జర మెల్లగ పోనీయ్ భాయ్. గుంతలున్నయి."